మామ కుక్కకు గుదికర్ర

ఆ రోజు వల బిగించే గూటం ఒకటి నేలలోకి సరిగా దిగలేదని నాకు తెలుసు. తెలిసి కూడా దాని మీద ఒక రాయి పెట్టి ముందుకు జరిగాను. నా తప్పు అక్కడ మొదలైంది. అక్కడే ఆగి ఉంటే అది ఒక బద్ధకస్తుడి పొరపాటుగా మిగిలిపోయేది.

మా ఊళ్లో ఉగాది మరునాడు మగవాళ్లంతా గుట్టకు కుందేళ్ల వేటకు పోయేవాళ్లు. అది చట్టం ఒప్పని పని అని అందరికీ తెలుసు. అయినా ఆ ఒక్కరోజు దాన్ని ఎవరూ వేట అనుకునేవాళ్లు కాదు, ఊరి మొక్కు అనుకునేవాళ్లు. ఒక్క కుందేలైనా వలలో పడి, దాన్ని కర్రకు వేలాడదీసుకుని ఊళ్లోకి వస్తే ఆ ఏడు ముంగారు వానలు, అంటే తొలకరి వానలు బాగా పడతాయని నమ్మకం. నేను చెబుతున్న కాలానికి వరసగా కొన్నేళ్ల నుంచి వానలు లేవు. వేరుశనగ విత్తడం, మొలక మాడిపోవడం, మళ్లీ విత్తనం కోసం తిరగడం. వయసులో ఉన్నవాళ్లు గుంతకల్లు పోయి రైలెక్కి బెంగుళూరు కట్టుబడి పనులకు పోయారు. మిగిలినవాళ్లం ఆ కుందేలు మీద ఎంత ఆశ పెట్టుకున్నామో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, అప్పుడు మాత్రం వేయలేదు.

వలలు మా ఇంటివి. కట్టే పని మా నాయన చేసేవాడు, ఆయన తర్వాత నాకు వచ్చింది. రెండు గుట్టల మధ్య సందులో నడుమెత్తు వల నిలబెట్టి, కింది అంచును గూటాలతో నేలకు బిగించాలి. అవతల నుంచి జనం డప్పు పలకలు కొట్టుకుంటూ, కేకలు పెట్టుకుంటూ తోలుకొస్తారు. బెదిరిన కుందేలు సందులోకి పరిగెత్తి వలలో పడుతుంది. గూటం దిగని చోట నాయన గడ్డపారతో గుంత తీసి మరీ దించేవాడు. ఆ రోజు గడ్డపార గుట్ట కింద బండి దగ్గరే ఉండిపోయింది. ఎండ ఎక్కింది, కింద నుంచి ఈలలు వేస్తున్నారు, దిగి మళ్లీ ఎక్కడానికి నాకు ఒళ్లు వంగలేదు. రాయి చాలనుకున్నాను.

రెండు కుందేళ్లు వచ్చాయి. మొదటిది సరిగ్గా ఆ రాయి దగ్గరే వలకు తగిలింది. రాయి దొర్లింది, గూటం ఊడింది, వల అంచు పైకి లేచింది. అది కింద నుంచి దూరి పోయింది. దాని వెనకే రెండోది. అంతా కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది. అప్పుడు అవతలి వాలులో గొర్రెలు కాస్తున్న మామ కుక్క వాటిని చూసి తరుముకుంది. వల దాటిన తర్వాత తరిమింది. ఆ సంగతి చూసింది నేనొక్కణ్నే.

జనం రొప్పుకుంటూ పైకి వచ్చేసరికి వాళ్లకు కనబడింది గుట్ట దిగి పోతున్న కుక్క. నా చేతిలో ఊడిన గూటం ఉంది.

"ఏమన్నా, కుక్క అడ్డం వచ్చినాదా?" అని అడిగాడు ముందు వచ్చినవాడు.

"అడ్డం వచ్చినాది," అన్నాను.

మామ అంటే నాకు చుట్టం కాదు. ఊరి వరస. కురుబ ఇంటి పెద్దాయన. కొడుకులిద్దరూ బెంగుళూరులో ఉంటే, ఆయనా అత్తా ఇక్కడ మందను నమ్ముకుని బతికేవాళ్లు. ఆ కుక్క ఎర్రది, ఒక చెవి చీలిపోయి ఉండేది. తోడేలుతో కలబడినప్పుడు చీలిందని చెప్పేవాళ్లు. దానికి పేరు లేదు. మామ "ఏయ్" అంటే చాలు, ఎంత దూరంలో ఉన్నా తల తిప్పేది. మంద కుక్కను ఎవరూ కట్టేయరు, అది దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతూనే కాపలా కాస్తుంది. అలా తిరిగేటప్పుడు ఊళ్లో కౌజుపిట్టలకు ఉచ్చులు పెట్టేవాళ్ల పిట్టలను కూడా నోట కరుచుకుని పోయేది. దాని మీద ఏడాదంతా తగాదా నడుస్తూనే ఉండేది. వాళ్లు రాళ్లతో కొట్టేవాళ్లు, మామ వాళ్ల ఉచ్చులు తెంపి పారేసేవాడు.

సాయంత్రం పాల సొసైటీ గది ముందర అందరూ చేరి మామను పిలిపించారు. కంబళి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

ఉచ్చులు పెట్టే అతను మొదలుపెట్టాడు. "ఏం మామా, నీ కుక్కను ఊరంతా కలిసి సాకాల్నా? పోయిన నెల నా కౌజులు తినె. ఇప్పుడు ఊరి వాననే తినె."

"నీ కౌజులు తినింటే తినిండొచ్చు. వానను మింగేంత కడుపుంటే దాన్ని నేను సాకగల్నా అప్పా?" అన్నాడు మామ.

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వుకు అతనికి ఇంకా మండింది.

"ఎగతాళిగా ఉండాదా నీకు? రేపే మందు కలిపి పెడతా, చూడు."

"పెట్టు. పెట్టినాక మందనంతా తోలుకొచ్చి నీ ఇంటి ముందర పండబెడతా. తోడేలొస్తే నువ్వే మొరుగుదువు."

మాట మాట పెరిగింది. ఒకడు మామ కంబళి పట్టుకుని లాగాడు. అప్పుడు అందరూ నా వైపు చూశారు. వల నాది, ఆ ఊళ్లో మా ఇంటి మాటకు కొంత విలువ ఉండేది. నేను మధ్యలోకి వచ్చి పెద్దమనిషిలా తీర్పు చెప్పాను. మందు పెట్టొద్దు, కొట్టొద్దు, కుక్క మెడకు గుదికర్ర కట్టండి అన్నాను. పశువు పరిగెత్తకుండా మెడ నుంచి ముందుకాళ్ల మధ్య వేలాడదీసే కట్టె అది. పరిగెత్తబోతే మోకాళ్లకు తగులుతుంది. కుక్క బతుకుతుంది, ఉచ్చులూ బతుకుతాయి, ఇద్దరికీ న్యాయం చేశాననుకున్నాను.

మామ నా దగ్గరికి వచ్చాడు.

"గుట్టలో తోడేలు ఉండాది అల్లుడా. నీకూ తెలుసు. మెడకు కట్టె కడితే అది ఎట్ల పరిగెత్తుతాది? మందను ఎట్ల కాస్తాది?"

"వాన పడేదాకా మామా. అంతే," అన్నాను.

"సరే. వల కాడ ఉన్నది నువ్వే. ఒక్క మాట చెప్పు. నా కుక్క చెవులపిల్లుల్ని తరిమింది అవి వల దాటకముందా, దాటినాకనా?"

అందరూ విన్నారు ఆ మాట. జవాబు నా నాలుక మీదే ఉంది. దాటినాక అంటే, ఎట్ల దాటినాయని అడుగుతారు. గూటం సంగతి చెప్పాలి. నాయన పేరు చెప్పుకుని వల కడుతూ ఊరి వానను చేతులారా పోగొట్టిన మనిషిగా మిగులుతాను.

"అంతగా చూడలేదు మామా," అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూశాడు. తర్వాత కంబళి సర్దుకుని వెళ్లిపోయాడు.

మరునాడు ఆయనే తుమ్మకట్టె చెక్కి కుక్క మెడకు కట్టాడు. నేను చూశాను. మొదటి రోజు అది కట్టెను కొరుక్కుంటూ గుండ్రంగా తిరిగింది. తర్వాత తల పక్కకు వంచి అడుగులో అడుగు వేసి నడవడం నేర్చుకుంది. మోకాళ్లు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. అత్త వాటికి పసుపు, నూనె రాస్తుంటే చూసి తల తిప్పుకుని పోయాను. ఒక్క మాట చెబితే ఆ కట్టె ఊడేది. నాలుగు రోజులు పోనీ, నాలుగు చినుకులు పడనీ, అప్పుడు నేనే విప్పించవచ్చులే అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

చినుకులు పడలేదు. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం గుట్ట కింది మా చేనిలో రాళ్లు ఏరుతున్నాను. ఎండిన వాగు లాంటి వంక వైపు నుంచి మామ కేకలు వినబడ్డాయి. మాటలు కావు, ఒట్టి అరుపు. చేతిలో రాయితోనే పరిగెత్తాను.

నేను పోయేసరికి గొర్రెలు వాలంతా చెదిరిపోయి ఉన్నాయి. రెండు తోడేళ్లు వచ్చాయట. గొర్రెపిల్లలు కొన్ని చచ్చి పడి ఉన్నాయి, కొన్నింటిని ఎత్తుకుపోయాయి. ఒక తల్లిగొర్రె గొంతు తెగి ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది. కుక్క వంక ఒడ్డున పడి ఉంది. గొంతు దగ్గర మాంసం బయటికి వచ్చింది. కట్టె దాని ముందుకాళ్ల మధ్య అడ్డం పడి ఉంది. నేల మీద అది పడి, లేచి, మళ్లీ పడిన గీతలు ఉన్నాయి. అలా పడుతూ లేస్తూనే అంత దూరం పోయింది తోడేళ్ల మీదికి.

మామ దాని పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు.

"ఒక్క పూట కూడా విప్పల్యా అల్లుడా. మీరు చెప్పినట్టే ఉంచినా," అన్నాడు.

నేను ఆ తల్లిగొర్రె దగ్గర నిలబడ్డాను. ఏం చేయాలో తెలియక, చేతిలో ఉన్న రాయిని జాగ్రత్తగా నేల మీద పెట్టాను.

ఆ సాయంత్రం వాళ్ల దొడ్డి దగ్గరికి పోయాను. అత్త బయటే ఉంది. కుక్క లేకుండా గుట్టకు పోలేం, గుట్టకు పోకుంటే ఈ కరువులో మేత లేదు, మందను అమ్మేస్తాం, రేపో ఎల్లుండో కోతకు కొనేవాళ్లు వస్తారు, మేమూ బెంగుళూరు పోయి పిల్లోళ్ల గుడిసెలో పడుంటాం అని చెప్పింది. ఏడవలేదు. చెబుతూనే గొర్రెపిల్ల కాలికి అంటిన నెత్తురు కడిగింది.

అక్కడి నుంచి నేరుగా పాల సొసైటీ దగ్గరికి పోయాను. పాలు పోయడానికి వచ్చినవాళ్లు క్యాన్ల పక్కన నిలబడి ఉన్నారు. గూటం దిగలేదని, రాయి పెట్టానని, కుందేళ్లు నా వల కింద నుంచి పోయాయని, కుక్క తర్వాతే వచ్చిందని చెప్పాను. కొట్టినా పడదామనుకున్నాను. ఎవరూ కొట్టలేదు.

ఉచ్చులు పెట్టే అతను అన్నాడు. "ఇప్పుడెందుకు చెప్తాండావన్నా? కుక్క లేచి వస్తాదా? గమ్మునుండింటే మాకు తెలియకుండా పోయేది. మమ్మల్ని గూడా నీ పాపంలోకి లాగితివి."

అతని మాటలో అబద్ధం లేదు. వాళ్లు నా మాట నమ్మే అరిచారు. ఆ రోజు నుంచి అతను నాతో చాలా కాలం మాట్లాడలేదు.

మళ్లీ మామ దగ్గరికి పోయి అదే చెప్పాను.

"నాకు తెలుసులే. గుట్ట మీద నీ చేతిలో ఊడిన గూటం అవతల నుంచి చూసింటి. సాయంత్రం చూడలేదంటివి కదా. అప్పుడే తెలిసె," అన్నాడు.

"మరి ఎందుకు కట్టినావు మామా?"

"కట్టకుంటే మందు పెడతారు. కట్టెతో అయినా బతుకుతాదనుకుంటి."

మందను అమ్మొద్దని, ఇంకో కుక్క దొరికి పెరిగేదాకా నేను రోజూ గుట్టకు వస్తానని చెప్పాను.

అత్త లోపలి నుంచే అడిగింది. "నువ్వొచ్చి ఏం చేస్తావప్పా? మొరుగుతావా?"

"మొరగమంటే మొరుగుతా అత్తా."

ఎవరూ నవ్వలేదు. కానీ కొనడానికి వచ్చినవాళ్లను వెనక్కి పంపారు.

తెల్లవారి కర్ర పట్టుకుని దొడ్డి దగ్గర నిలబడ్డాను. ఆ వేసవంతా మందకు అటు వైపు ఆయన, ఇటు వైపు నేను. తోడేలు వస్తే ఏం చేయగలనో నాకే తెలియదు. కుక్క చేసే పనిలో నేను సగం కూడా చేయలేకపోయాను. అది వాసన పట్టేది, నేను పట్టలేను. అది ఒక్క పరుగులో చుట్టి వచ్చే మందను చుట్టడానికి నాకు ఊపిరి చాలేది కాదు. ఊళ్లో కొందరు నన్ను చూసి "ఏయ్" అని పిలిచేవాళ్లు. మొదట్లో మండేది. తర్వాత తల తిప్పడం నేర్చుకున్నాను. ఒకసారి తోడేలు వంకలో కనబడింది. ఇద్దరం అరుచుకుంటూ రాళ్లు విసిరితే పోయింది. ఆ రోజు మామ తన రాగి సంకటిలో సగం నాకు పెట్టాడు. మాట మాత్రం కలపలేదు.

విడపనకల్లు పక్క పల్లెలో గొర్రెలవాళ్ల దగ్గర మంచి జాతి కుక్కపిల్లలు ఉన్నాయని తెలిసి పోయాను. ఊరికే ఇవ్వం అన్నారు. రెండు రోజులు వాళ్ల మంద వెంట తిరిగి, ఎవరికోసమో, ఏం జరిగిందో చెప్పాక ఒక ఆడ కుక్కపిల్లను ఇచ్చారు. సంచిలో పెట్టుకుని బస్సులో తెచ్చాను. మామ దాన్ని ముట్టుకోలేదు. అత్త గంజి పోసింది. వారానికి అది మామ కంబళి మీద పడుకుంది, ఆయన లేపలేదు.

మళ్లీ ఉగాదికి ఊరివాళ్లు వల కోసం వచ్చారు. ఇవ్వనన్నాను. తిట్టారు. పక్క ఊరి నుంచి తెచ్చుకుని వేటకు పోయారు. నేను వాళ్ల వెంట పోలేదు, వాళ్లను ఆపలేకపోయాను కూడా. ఆ రోజంతా మామా నేనూ మందనూ ఆ కుక్కనూ గుట్ట వెనక వాలులోనే ఉంచాము.

కుక్కపిల్ల పెరిగి గొంతు విప్పి మొరిగే కాలానికి ఒక సాయంత్రం మామ అన్నాడు. "ఇంక చాలులే. రేపటి నుంచి రావద్దు."

అది క్షమించడమో, నన్ను చూసి చూసి విసిగిపోవడమో నాకు అర్థం కాలేదు. అడగలేదు. తెల్లవారి మళ్లీ పోయి దొడ్డి దగ్గర నిలబడ్డాను. మామ తడిక తీశాడు, గొర్రెలు బయటికి వచ్చాయి, కుక్క వాటి ముందుకు పరిగెత్తింది. ఆయన నన్ను చూసి కాసేపు ఆగాడు.

"వంక పక్క నువ్వు పో," అన్నాడు కర్ర చూపించి.

వంక పక్కకు పోయాను.