ముట్టకుండా మోగిన పెట్టె

రేడియోలు బాగుచేసే మట్టయ్యకు పిచ్చి పట్టిందని సూర్యాపేట ఏకగ్రీవంగా తేల్చింది. మా ఊళ్లో ఏకగ్రీవంగా తేలేవి ఇలాంటివే. పాత రేడియోల సామాను ఏరుకొచ్చి అతనొక పెట్టె చేశాడు. దాని నెత్తిన ఒక తీగ నిలబడి ఉంటుంది. తీగను ముట్టకుండా, దాని దగ్గర గాలిలో చెయ్యి ఆడిస్తే చాలు, పెట్టె రాగం తీస్తుంది. చెయ్యి దగ్గరైతే స్వరం పైకి, దూరమైతే కిందికి.

జనం దాన్ని దయ్యాల పెట్టె అన్నారు. బావి దగ్గర ఆడవాళ్లు మట్టయ్య భార్య దేవమ్మను, "మీ ఇంట్ల దయ్యం బువ్వ తిన్నదా?" అని అడిగేవాళ్లు. ఒక్క పాట గ్రామఫోన్ ప్లేటు మీదికి ఎక్కితే ఈ నోళ్లు మూతపడతాయని మట్టయ్య ఆశ.

పెట్టెను మెచ్చిన మహానుభావుడు ఒక్కడే, మిర్యాలగూడ బియ్యం మిల్లు యజమాని యాదగిరి సావుకారి. సంగీతమంటే చెవి కోసుకునే రకమేమీ కాదు. మట్టయ్య కులంవాళ్ల నీడ తగిలినా స్నానం చేసే మనిషి. ఆయనకు నచ్చిన గుణం వేరు.

"నువ్వు వాయించినంక నేను వాయించినా మైల లేదుర మట్టిగా! ఎవడూ ముట్టేది లేదాయె!"

నలభై తొమ్మిదిలో మద్రాసు నుంచి పాటలు రికార్డు చేసేవాళ్లు కోదాడ వచ్చారు. సావుకారి తన బంధువుల గోదాములో గోడలకు బొంతలు కట్టించి స్టూడియో చేయించాడు. నేనూ చూడబోయాను.

"మిగిలింది ఒక్కటే ప్లేటండీ. మధ్యలో ఎవరు దగ్గినా పాట పోయినట్టే," అన్నాడు ఇంజనీరు.

మట్టయ్య చేతులు లేపాడు. పెట్టె రాగమెత్తుకుంది; దేవమ్మ పాడే జోలపాట అది. మూటలు మోసే హమాలీలు కూడా ఊపిరి బిగబట్టారు. అబద్ధమెందుకు, నాకు ఏడుపొచ్చింది.

సావుకారికి మాత్రం బెంగ పట్టుకుంది. మట్టయ్యకు సన్మానం చేద్దామని తెచ్చిన శాలువా పాట అయ్యాక కప్పితే, ఆ సంగతి ప్లేటులోకి ఎక్కదు కదా! లేచాడు. శాలువా ఎవరైనా దగ్గరికొచ్చి భుజాల చుట్టూ కప్పుతారు. అలా చేస్తే వేళ్లు తగులుతాయి. అందుకని ఈ ధర్మాత్ముడు ఎదురుగా నిలబడి, బర్రె మీదికి గోనెపట్టా వేసినట్టు, జరీ శాలువాను దూరం నుంచి విసిరాడు. అది భుజం మీద కాక తీగ మీద పడింది. పెట్టె గొంతు చించుకుని ఊళ పెట్టింది. దయ్యాలైనా అంత ఘోరంగా అరవవు.

ఇంజనీరు మిషన్ ఆపి తల పట్టుకున్నాడు.

"నేను ముట్టలే! అందరు సూసిన్రు, నేను దేన్నీ ముట్టలే!" అన్నాడు సావుకారి.

మట్టయ్య తీగ మీది శాలువా తీసి మడతపెట్టాడు.

"ముట్టి కప్పినా ఒక్క తానంతోని పోతుండె సావుకారి. ముట్టకపోతిరి, నా పాట పోయె."

శాలువాను ఆయనకు తిరిగి ఇవ్వబోయాడు. సావుకారి రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

"గాడ కింద పెట్టుర," అన్నాడు.