ఆరు గొట్టాల పిస్తోలు కోసం వడమాలపేట దాకా

తిరుత్తణి స్వామికి చేసే ఆడికృత్తిక పండగ వెళ్ళిన మూడో రోజు, పొద్దున ఆరింటికి నాయుడుపేటలో తిరుపతి బస్సెక్కాను. మాది బట్టల కొట్టు. పిచ్చి మాత్రం పాత పిస్తోళ్ళ మీద. ఒకసారి మందు దట్టిస్తే వరసగా ఐదారుసార్లు పేలే, వందేళ్ళు దాటిన పిస్తోళ్ళన్నమాట. లైసెన్సు తీసుకుని మూడు సంపాదించాను. ఆరు గొట్టాలు గుండ్రంగా ఒకే కట్టగా ఉండి, మీట నొక్కినప్పుడల్లా కట్టంతా తిరిగే రకం మాత్రం దొరకలేదు. పదేళ్ళుగా అదే ధ్యాస. "ఇంట్లో దోమను కొట్టడానికి చేతులు రావు గానీ, పిస్తోళ్ళంట!" అని మా ఆవిడ సాగనంపింది.

అలాంటిది వడమాలపేటలో మునిరత్నం అనే రైతు ఇంట్లో ఉందని, అమ్ముతాడని కబురందింది. తిరుపతిలో దిగి, బస్టాండు ఎదురుగా నాలుగు ఇడ్లీలు తిని, పుత్తూరు బస్సు పట్టుకున్నాను. పక్కసీటాయన గుండుకు గంధం పూసుకుని తిరుత్తణి కొండకు బయల్దేరాడు. పండగ అయిపోయింది కదా అంటే, "ఆ జనంలో నలిగేదెందుకప్పా, సామి యాడికి పోతాడు? నువ్వు యాడికి?" అన్నాడు. పిస్తోలు కొనడానికన్నాను. సంచీ ఒళ్ళో పెట్టుకుని అవతలికి జరిగాడు, పాపం.

మునిరత్నం బస్సు దగ్గరికే వచ్చాడు. "ఎలచ్చన్లు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పజెప్పాల, మళ్ళా తెచ్చుకోవాల. నా వల్ల కాదప్పా, నువ్వు తీసుకో" అని దారిపొడుగునా ఒకటే మాట.

పిస్తోలు దేవుడి గూట్లో ఉంది. ఆరు గొట్టాల మూతులూ బెల్లం పొంగలితో పూడిపోయి ఉన్నాయి. చీమలు బారులు కట్టాయి.

"ఇదేం పనమ్మా!" అన్నాను, మునిరత్నం భార్య గిరిజమ్మతో.

"ఆరు మొగాలుండాయి గదన్నా, మాకిది ఆర్ముగం సామి. మా అత్త కాలం నించీ ఆడికృత్తికకి ఆరు నోళ్ళకీ పొంగలి పెడతాం. ఒగతూరి స్టేషన్లో ఉంటే ఆడికే ఎత్తకపొయ్యి పెట్టినా. పోలీసోళ్ళు గూడా ఇంత తిన్నారు" అంది సంబరంగా.

"అయ్యో తల్లీ, ఇనుమమ్మా ఇది! బెల్లం తడికి లోపలంతా తుప్పు పట్టిపోతుంది" అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది.

బేరం సంగతి పక్కనపెట్టి వసారాలో కూర్చున్నాను. మందు లేదని ముందు చూసుకున్నాను. కట్ట బిగుసుకుపోయి తిరగడంలేదు. వేణ్ణీళ్ళు, చీపురుపుల్లలు, పాత పంచెగుడ్డతో పని మొదలుపెట్టాను. ఏళ్ళనాటి పొంగలి నల్లటి పెళ్ళలుగా ఊడి వచ్చింది. మధ్యాహ్నానికి ఆరు గొట్టాలూ శుభ్రమయ్యాయి. నూనె రాసి మెల్లగా మీట నొక్కాను. కట్ట ఒక్క గొట్టం మేర తిరిగి టక్కున ఆగింది. సంతోషంతో నాకు ఏడుపొచ్చినంత పనయింది.

గిరిజమ్మ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "నువ్వు తీసకపోతే ఏటేటా పొంగలి పెడతావా అన్నా?"

పెడతానంటే చాలు, అది నాది. అనమని ఆమె వెనకనుంచి మునిరత్నం సైగలు కూడా చేశాడు. నోరు రాలేదు. "పెట్టనమ్మా. నోట్లో కుక్కితే పాడైపోతుంది. ఆకులో వేసి ముందర పెడితే చాలు" అన్నాను.

"అవును, పటాలకి ముందరే గదా పెడతాం!" అంది. మొగుడి వైపు తిరిగి, "సామి బిగుసుకుపొయ్యినాడు, మనమీద అలిగినాడనే గదా అమ్మేదానికి ఒప్పుకున్నా. ఇప్పుడు తిరగతాండాడు సూడు. ఇంగ ఇచ్చేది లేదు" అని తేల్చేసింది.

మునిరత్నం తల పట్టుకున్నాడు. నేను చేతికంటిన నల్లటి నూనె తుడుచుకున్నాను. సంగటి, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి, "ఏడాదికొగతూరి వచ్చి నూనె రాసిపోన్నా. నీ చెయ్యి సామికి నచ్చినట్టుండాది" అంది గిరిజమ్మ.

నాలుగు గంటల బస్సుకు తిరుగు ప్రయాణం. రేణిగుంట దాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. కాళహస్తి దాటాక కోపం చల్లారింది. చూడాలనుకునేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి, ఆ తల్లి భోజనం పెట్టి మరీ చూపిస్తుంది. కొనాలనుకుంటే మాత్రం వెళ్ళకండి, బస్సు చార్జీలు దండగ. నాకు దక్కలేదన్న బాధ ఉంది, లేదనను. కానీ ఇకమీదట ఏడాదికోసారి దానికి నూనె రాసే మనిషిని నేనే.