నాలుగు వందల పదిహేడో నంబరు బిళ్ళ

సదానందానికి రెండు ముద్దలు మింగడానికి ముప్పావు గంట పడుతుందని ముప్పై ఏళ్ళ కింద ఎవరైనా అని ఉంటే, మా గని మీద నవ్వని మనిషి ఉండేవాడు కాదు. సద్ది గిన్నెలో తన అన్నం అయిపోగానే పక్కవాడి గిన్నెలో చెయ్యి పెట్టేవాడు. పెట్టి, "ఉప్పు లేదేందిరా దీంట్ల" అని తిట్టి, మళ్ళీ పెట్టేవాడు. అలాంటి మనిషి పోయిన చలికాలం చిన్న గిన్నెడు జావ ముందు కూర్చుని, అది చల్లారి తొరక కట్టేదాకా గోడ మీది క్యాలెండరు చదువుతూ ఉండేవాడు.

నా పేరు జగదీశ్వర్. గోదావరిఖనిలో ఒక గని మీద ఇరవై తొమ్మిదేళ్ళు ల్యాంపు రూములో పని చేశాను. కిందికి దిగేవాళ్ళకు తలదీపం, నడుముకు కట్టుకునే దాని బ్యాటరీ ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకోవడం నా డ్యూటీ. దీపం తీసుకునే మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ నా చేతిలో పెట్టాలి. దాన్ని బోర్డు మీది మేకుకు తగిలిస్తాను. షిఫ్టు దిగి దీపం అప్పజెప్పితే బిళ్ళ తిరిగి ఇస్తాను. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా ఒక మనిషి ఇంకా భూమి లోపల ఉన్నట్టే. వాడు వచ్చేదాకా నేను ఇంటికి పోయేది లేదు.

సదానందం నంబరు నాలుగు వందల పదిహేడు. ఎప్పుడూ చివర మిగిలే బిళ్ళ అదే. అందరూ పైకి ఎక్కి, స్నానాలు చేసి, సైకిళ్ళ మీద క్వార్టర్లకు పోయాక వీడు తాపీగా వచ్చేవాడు. "గింత ఆలస్యమేంది బావా, అందరు ఎప్పుడో ఎక్కిండ్రు" అని నేను కేకలేస్తే, "ముంతల మజ్జిగ మిగిలింది. తాగి వచ్చిన" అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. మజ్జిగ కోసం నా ప్రాణం తోడేవాడు.

వాడిది కమాన్‌పూర్ దిక్కు పల్లె. ఇరవై రెండేళ్ళకు బదిలీ ఫిల్లరుగా చేరాడు. ఎవరైనా డ్యూటీకి రాకపోతే వాళ్ళ బదులు దిగి, బొగ్గు తట్టకెత్తి పట్టాల మీది టబ్బు నింపే పని. భార్య అనసూర్యది మందమర్రి. ఆమె తల్లిదీ మా అమ్మదీ ఒకటే ఊరు కాబట్టి నాకు చెల్లె వరస, ఆ లెక్కన వాడు బావ.

వాళ్ళ గ్యాంగులో ఎనిమిది మంది. కింద సద్ది తినేటప్పుడు వాళ్ళకొక పద్ధతి ఉండేది. గిన్నెలన్నీ మధ్యలో పెట్టి, ఎవడి మొదటి ముద్ద వాడు తినకుండా పక్కవాడి చేతిలో పెట్టాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. హిందువు గిన్నె, ముస్లిం గిన్నె అని లేదు. తొక్కు, జొన్నరొట్టె, పప్పుచారు అన్నీ చేతులు మారాకే నోట్లోకి పోయేవి. నేను పైన ఒంటరిగా తింటానని సదానందానికి ఒక బాధ. పొద్దుటి షిఫ్టుకు వచ్చినప్పుడు కిటికీ దగ్గరే సద్ది మూత తీసి, ఒక ముద్ద నా అరచేతిలో పెట్టి, "గిది నీది" అని దిగేవాడు. ఆ ముద్ద తొక్కుతో మంట మండేది. నీళ్ళు తాగుతూ వాడిని తిట్టుకునేవాణ్ణి. ఆ మంట ఇవాళ ఎవరైనా తెచ్చి పెడితే కాళ్ళు మొక్కుతాను.

తర్వాత చిన్న చిన్న తేలిక దీపాలు వచ్చాయి. పాత బరువు బ్యాటరీలూ ఇత్తడి బిళ్ళలూ మూలకు పడ్డాయి. సదానందం రిటైరైన రోజు, యాసిడ్ తీసేసిన పాత బ్యాటరీ ఒకటి, దాని తోలు బెల్టుతో సహా, అధికారులను అడిగి తెచ్చి దండతో పాటు వాడికిచ్చాను. బిళ్ళ మాత్రం ఇవ్వకుండా నా దగ్గరే ఉంచుకున్నాను. "దీపం అప్పజెప్పినంకనే బిళ్ళ" అన్నాను. అందరూ నవ్వారు. ఆ ఎగతాళి నా మెడకే చుట్టుకుంటుందని నాకేం తెలుసు.

రెండేళ్ళ కింద వాడి గొంతు బొంగురుపోయింది. బొగ్గు దుమ్ము అనుకున్నాడు. గని మనుషులకు దుమ్ముకు మందు బెల్లం. షిఫ్టు దిగి ముక్క చప్పరిస్తే దుమ్మంతా కిందికి పోతుందని మా నమ్మకం. ఆరు నెలలు బెల్లం చప్పరించాడు. నేనే మార్కెట్ నుంచి మంచి బెల్లం ఏరి తెచ్చాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. చివరికి కరీంనగర్ దవాఖానలో ముక్క తీసి పరీక్ష చేసి గొంతు క్యాన్సరన్నారు. రేడియేషనును మేము కరెంటు అంటాం, అది ముప్పై మూడు సిట్టింగులు పెట్టారు. బతుకమ్మ పండుగ దాటాక గడ్డ కరిగిందని చెప్పారు. మేమందరం గట్టెక్కాడనుకున్నాం.

అసలు పని అప్పుడే మొదలైంది. నోట్లో ఉమ్మి ఊరదు. ఏది పెట్టినా ఇసుకలా ఉందనేవాడు. పులుపు తగిలితే కళ్ళల్లో నీళ్ళు. కారం మాట ఎత్తడానికి లేదు. డెబ్బై నాలుగు కిలోల మనిషి యాభై ఆరుకు దిగాడు. దవాఖానలో తిండి సంగతి చూసే రాజకుమారి అనే అమ్మాయి, మంచిర్యాల పిల్ల, వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది.

"కాకా, జబ్బు తగ్గింది గని నీ ఒంట్ల సత్తువ లేదు. ఆకలైనప్పుడు తింట అంటే నడువది, నీకు ఆకలి కాదు. గడియారం చూసి తినాలె. రెండు గంటలకోసారి ఇంతింత. యాభై కిలోల కిందికి పోతే ముక్కుల నుంచి పొట్టకు పైపు ఏస్తం."

ఆ పైపు మాట వాడి గుండెలో పడింది. ఎందుకంటే ఆ ఎనిమిది మందిలోని బుచ్చన్నకు ఐదేళ్ళ కింద ఇలాగే పైపు వేశారు. చూడటానికి మేమిద్దరం పోయాం. ఇంట్లోవాళ్ళు మాకు ఉప్మా పెడితే సదానందం అలవాటు కొద్దీ మొదటి ముద్ద బుచ్చన్న వైపు చాచాడు. బుచ్చన్న దాన్ని చూసి మొహం గోడకు తిప్పుకున్నాడు. నాలుగు నెలలకు పోయాడు. బుచ్చన్న జబ్బు ముదిరిపోయి పోయాడు తప్ప పైపుతో కాదని ఎంత చెప్పినా మావాడి తలకెక్కలేదు. "పైపు పడ్డ మనిషి మల్ల పంక్తిల కూసోడు బావా. నేను సూసిన గద" అనేవాడు.

అనసూర్య పడ్డ పాట్లు చెప్తే ఒడవవు. రాగి జావలో నెయ్యి, పాలపొడి. పెసరపప్పు అన్నం గుజ్జుగా చేసి మళ్ళీ నెయ్యి. మెత్తగా ఉడికీ ఉడకని గుడ్డు. తినే ముందు ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్ళతో పుక్కిలింత. తాలింపు ఘాటుకు దగ్గు తెరలు వస్తున్నాయని తాలింపే మానేసింది. ఆ ఇంట్లో ఆవాలు చిటపటమన్న చప్పుడు నాలుగు నెలలు వినపడలేదు. తనూ ఆ చప్పిడి మెతుకులే తినేది. సదానందం మాత్రం మా ఇంటికి వచ్చి వంటింటి గడప మీద కూర్చునేవాడు. మా ఇంటామె తొక్కు నూరుతుంటే వాసన చూసుకుంటూ, ఏ గనిలో ఎవరి సద్దిలో ఏం ఉండేదో ఒక్కొక్కటే చెప్పేవాడు. నాకు ఏడుపొచ్చేది. ఏడవలేక, "పోయి జావ తాగు పో" అని కసిరేవాణ్ణి.

దవాఖానకు నెలకోసారి పోవాలి. డిసెంబరులో అనసూర్య తీసుకుపోయింది. యాభై ఒకటి ఉన్నాడని, యాభై కిందికి పోలేదని మురిసిపోతూ వచ్చింది. జనవరిలో ఆమెకు జ్వరం వస్తే నేను తోడు పోయాను.

కరీంనగర్ బస్టాండులో దిగి నడుస్తున్నాం. శాలువా కప్పుకుని వాడు ముందు, నేను వెనక. ఆ నడక చూస్తే ఎక్కడో తెలిసిన నడకలా ఉంది. ఎడమకు కొంచెం ఒరిగి, కుడి మోచెయ్యి ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టి. ఇంత చిక్కిన మనిషి ఇలా నడవాల్సిన పని లేదు. ఇరవై తొమ్మిదేళ్ళు కిటికీలోంచి నేను చూసిన నడక అది. కుడి తుంటి మీద బ్యాటరీ ఉన్న మనిషి నడక. అర్థం కాగానే నా కాళ్ళు ఆగిపోయాయి.

"బావా, నడుముకు ఏం కట్టినవ్?"

వాడు వెనక్కి తిరగలేదు. "సలికి నడుము గుంజుతున్నది. బెల్టు కట్టిన."

"నాకు చెప్తున్నవా?"

అప్పుడు ఆగాడు. రోడ్డు పక్కనే నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ వేళ్ళల్లో ఎముకలే ఉన్నాయి. "ఒక్క నెల ఆగు బావా. నేను తింట. నీ మీద ఒట్టు, తింట. పైపు మాత్రం ఎయ్యనియ్యకు. నువ్వు నోరు మూసుకుంటే సాలు."

నేను సరే అనలేదు, కాదనలేదు. దవాఖాన దాకా వాడి వెనకే నడిచాను. వాడికి బతుకంటే నలుగురిలో కూర్చుని తినడమే, అది నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? పైపు వేస్తే మనసు విరిగి పోతాడేమో. వేయకపోతే ఒంట్లో ఏమీ లేక పోతాడు. పైగా ఆ బ్యాటరీ ఇచ్చింది నేను.

చెప్పులు విప్పి తూకం మిషను ఎక్కాడు. ఎర్ర అంకెల్లో యాభై పాయింట్ మూడు పడింది. రాజకుమారి నవ్వింది. "మంచిగున్నది కాకా. ఇట్లనే నడిపియ్యి. పైపు అక్కర్లేదు" అంటూ చీటీ మీద రాయబోయింది. వాడు నా వైపు చూసిన చూపు చెప్పలేను. షిఫ్టు మొదట్లో కిటికీ ముందు నిలబడి, దీపం ఇవ్వు అన్నట్టు చూసేవాడు, అదే చూపు.

ఆ రాసేది చూస్తుంటే నాకు బోర్డు గుర్తొచ్చింది. మనిషి కింద ఉండగా వచ్చేశాడని రాసుకుంటే ఎవరూ వెతకడానికి దిగరు. నా వల్ల కాలేదు. ముందుకు పోయి శాలువా కింద చెయ్యి పెట్టాను. బెల్టు కొక్కెం ఎక్కడుంటుందో నా చేతులకు చెప్పాలా? ఒక్క గుంజుకు బ్యాటరీ నా చేతిలోకి వచ్చింది. మిషను మీద నలభై ఎనిమిది పడింది.

రాజకుమారి చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. తిట్టలేదు. "పోయిన నెల కూడానా కాకా?" అని మాత్రం అడిగింది. సదానందం తల ఊపాడు. మిషను దిగి నాతో ఒకే మాట అన్నాడు.

"నువ్వు గిట్ల చేస్తవనుకోలే జగదీశ్వర్."

నలభై ఏళ్ళల్లో వాడు నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

ఆ రోజే పైపు వేశారు. అది ఉన్నా రోజూ నాలుగు చెంచాలు నోటితో మింగుతూనే ఉండాలని, మానేస్తే గొంతు మింగడమే మరిచిపోతుందని రాజకుమారి మరీ మరీ చెప్పింది. పైపు ఉన్నా నోటితో మింగవచ్చని బుచ్చన్నప్పుడు మాకు తెలియదు. వాడు వినిపించుకున్నాడో లేదో తెలియదు. బ్యాటరీ సంచిలో పెట్టుకుని, బస్సులో వేరే సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తూ వచ్చాడు.

రెండు నెలలు వాడు మా గడప తొక్కలేదు. నేను పోతే కళ్ళు మూసుకుని పడుకునేవాడు. పెట్టెలోంచి వాడి ఇత్తడి బిళ్ళ తీసి మా వాకిలి పక్క మేకుకు తగిలించాను. ఎందుకని మా ఇంటామె అడిగితే విసుక్కున్నాను. రోజూ పొద్దున లేవగానే దాన్నే చూసేవాణ్ణి. వారానికోసారి అనసూర్య ఫోను చేసేది. "నలభై తొమ్మిదిన్నర అన్నా." "యాభై ఒకటి అన్నా." ఒకసారి గొంతు తగ్గించి, "అద్దం ముందట కూసోని చెంచతోని మింగుతున్నడు అన్నా. తలుపేసుకుంటున్నడు" అంది. నేను ఫోను పెట్టేసి చాలాసేపు బయట తిరిగాను.

మార్చి ఆఖర్లో ఒక పొద్దున వాకిట్లో చప్పుడైంది. సదానందం. ముక్కుకు పైపు లేదు, దాని ప్లాస్టరు మచ్చ మాత్రం ఉంది. ఒక చేతిలో పాత సద్ది గిన్నె, ఇంకో చేతిలో గుడ్డ సంచి. నన్ను పలకరించకుండానే అరుగు మీద కూర్చుని గిన్నె మూత తీశాడు. మెత్తటి పెసరపప్పు అన్నం, పైన నెయ్యి. ఒక ముద్ద చేసి చెయ్యి చాచాడు.

"గిది నీది."

తిన్నాను. కారం లేదు, పులుపు లేదు, ఉప్పు కూడా సరిగా లేదు. దానికి నాకు కళ్ళల్లో నీళ్ళెందుకొచ్చాయో.

తర్వాత వాడు తిన్నాడు. ముద్దకు ముద్దకు నీళ్ళు గుక్కెడు, గడ్డం కిందికి దించి మింగడం, కాసేపు ఆగడం. ఎండ అరుగు మీది నుంచి వాకిట్లోకి జరిగింది. నేను కదల్లేదు. వాడి కోసం కూర్చోవడం నాకేం కొత్తా. గిన్నె ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, సంచిలోంచి బెల్టుతో సహా బ్యాటరీ తీసి నా ముందు పెట్టాడు.

"యాభై మూడున్న. గిది లేకుంట. అప్పజెప్పుకో."

నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళు అన్నదే అన్నాను.

"గింత ఆలస్యమేంది బావా? అందరు ఎప్పుడో ఎక్కిండ్రు."

వాడు మూతి తుడుచుకున్నాడు.

"పొద్దుగాల మజ్జిగ మిగిలింది బావా. తాగి వచ్చిన."

నేను లేచి, మేకు మీది బిళ్ళ తీసి వాడి చేతిలో పెట్టాను.