డీజిల్ పోయిన మేడ మీద

మేం అద్దెకుండే నల్లకుంట ఇంటి మేడ మీద సెల్ టవర్ ఉంది. కాలుష్యం తగ్గించడానికి దాని డీజిల్ జనరేటర్ తీసేసి బ్యాటరీలు పెడతామని కంపెనీవాళ్లు చెప్పి వెళ్లారు. అవి పేలతాయేమోనని అప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. అశోక్‌నగర్‌లో మా అక్క ఇంట్లో ఆ మార్పు అప్పటికే జరిగింది. ఆమెది మేడ మీది గది, టవర్ పక్కనే. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగడం ఆమె వల్ల కాదు. వెళ్లి చూడాలనుకున్నాను.

పొద్దున పదింటికి నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఆటో ఎక్కాను. చిక్కడపల్లి మీదుగా ఎనభై రూపాయలు. సంగతి చెబితే డ్రైవర్ అద్దంలోంచి చూశాడు.

"బ్యాటరీలా? మా గల్లీల చార్జింగ్ పెట్టిన స్కూటర్ కాలిపోయిందన్నా. మీ అక్కను కిందికి దించరాదే?"

 దారంతా ఆ మాటే చెవిలో తిరిగింది.

అక్క మాత్రం సంతోషంగానే ఉంది. "పొగ పోయింది తమ్మీ. ఏండ్లకు కిటికీ తెరిచిన." గోడ మీద పాత మసి ఇంకా నల్లగానే ఉంది. చాయ్ తాగుతుండగా కరెంటు పోయింది. జనరేటర్ మోత కోసం చెవులు అలవాటుగా ఎదురుచూశాయి. ఏ చప్పుడూ లేదు. కాసేపటికి బయట టవర్ కింద బ్యాటరీలున్న ఇనుప పెట్టె కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఎర్ర లైటు వెలుగుతోంది. పెట్టె మీద అక్క ఆరేసిన తడి బొంత రెండు పక్కలా నేలదాకా వేలాడుతోంది.

"నడువక్కా, దిగుదాం!"

"గీ మోకాళ్లతోని యాడ దిగుత? నువ్వు పో."

ఎలా పోతాను? పెట్టె మీదున్న నంబరుకు ఫోన్ చేశాను.

"పైన ఏమన్న కప్పిన్రా?" అడిగాడు మెకానిక్.

"బొంత."

"అయ్యో, ఆ బొంత గుంజెయ్యున్రి! పెట్టె తలుపు మాత్రం ముట్టకున్రి."

వెళ్లి బొంత లాగేశాను. పెట్టె పక్కనున్న జాలీ లోంచి వేడిగాలి మొహానికి కొట్టింది. గదిలోకి వచ్చి, అరుపు ఆగేదాకా అక్క చేయి పట్టుకునే ఉన్నాను.

తర్వాత మెకానిక్ వచ్చి అంతా చూశాడు. "గాలాడక ఏడెక్కింది. బ్యాటరీకి సలి పెడ్తలేదక్కా, బొంత కప్పనీకె."

"వానకాలం జనరేటర్ మీదనే ఆరేస్తుంటి గద," అంది అక్క. "పెట్టినోళ్లు ఒక్క మాట చెప్పాలె."

తిరుగు దారిలో నారాయణగూడ మార్కెట్లో దిగాను. పొగ పోవడం మంచిదే; తెరిచిన ఆ కిటికీని కళ్లారా చూశాను. భయం మాత్రం పోలేదు. ఇప్పుడు మా మేడ మీదా బ్యాటరీలొచ్చాయి; కరెంటు పోయినప్పుడల్లా ఆ నిశ్శబ్దంలో అరుపు కోసం వింటున్నాను. మీ మేడ మీదికీ ఇలాంటి పెట్టె వస్తుంటే, అంతకంటే ముందే బట్టలు ఆరేసే తాడు కట్టండి. ఆ రోజు నేను రెండు కొన్నాను, అక్కకొకటి, మాకొకటి.