కుడి లేన్ల మా అత్తమ్మ ఊరేగింపు

నవ్వనంటేనే చెప్త. మొన్న ఆదివారం హైవే మీద నన్ను పోలీసులు ఆపిండ్రు. ఓవర్ స్పీడ్ అని గాదు, సీటు బెల్టు పెట్టుకోలేదని గాదు. మెల్లగ పోతున్ననని ఆపిండ్రు! అవునక్కా, మెల్లగ పోయినా ఆపుతరట. నాకు మొన్ననే తెలిసింది. నా వెనుక హారన్లు కొట్టుకుంట వచ్చినోళ్లకైతే ముందుగాల్నే తెలుసట. ముందు చాయ్ పోసుకోండ్రి, మొదటికెల్లి చెప్త.

మా ఆడబిడ్డ సరోజన లేదా, చెల్పూర్ల కొత్తిల్లు కట్టుకున్నది. వాళ్లాయన ఆడ కరెంటు ప్లాంట్ల పనిచేస్తడు. ఆదివారం గృహప్రవేశం. పుట్టింటోళ్లం మేమే గదా, ఆమె కొంగుల ఒడిబియ్యం మేమే పొయ్యాలె. పదకొండు దాటితే మంచి గడియ లేదని అయ్యగారు గట్టిగ చెప్పిండట. "వదినా, మీరు రాకుంటే నేను పీట మీద కూసోను" అని సరోజన ముందు రోజే ఫోన్ల ఏడ్పు గొంతు పెట్టింది. అందుకే బచ్చన్నపేటల పొద్దు పొడవకముందే లేచి, తానాలు చేసి, బియ్యం, చీర, ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కుంకుమ అన్ని సదిరి పెట్టుకున్నం.

చుట్టాలకు జీపు మాట్లాడినం. దాన్ని మా ఆయన తోలుతడు. మా అత్తమ్మ మాత్రం జీపు ఎక్కనంటే ఎక్కనన్నది. "గంపల కోళ్లను కుక్కినట్టు కుక్కుతరు. నేను నా కోడలి కారులనే వస్త" అన్నది. నాకు ఎంత మురిపెమైందో చెప్పలేను! నేను కారు నేర్చుకున్నది మొన్నమొన్ననే. ఊర్లకెల్లి జనగామ దాక పోవుడు, కూరగాయలు తెచ్చుడు, అంతే. అంత దూరం పోవుడు గదే మొదలు. అయినా సరే, మా వాడల ఎవలు కనబడ్డా అత్తమ్మ ఆపి మరీ చెప్తది, "మా కోడలు కారు నడుపుతది" అని. గసొంటి మనిషిని వెనుక సీట్ల కూసోబెట్టుకొని పోతుంటే ఇమానం నడిపినట్టే ఉండె.

చుట్టాలు తయారు గానీకె లేటైతదని మేమిద్దరం ముందుగాల బయల్దేరినం. జనగామ దాటి పెద్ద రోడ్డెక్కినం. ఎడమ దిక్కు పోదామంటే నాకు భయం. షేర్ ఆటోలు యాడ పడితే ఆడ ఆగుతున్నయి. రాంగ్ రూట్ల బైకులు ఎదురొస్తున్నయి. ఒకకాడ సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసిండ్రు. బర్రెలు వాటి ఇష్టం. కుడి దిక్కేమో ఎంత నిమ్మళమో! ఒక పక్కకు డివైడర్, దాని మీద గన్నేరు పూలు. ఎవ్వలు అడ్డం రారు. గా కుడి లేన్ల జొరబడి, నలభై మీద ముల్లు పెట్టి, గట్లనే పోతున్న. "మంచి తొవ్వ పట్టినవు బిడ్డా" అన్నది అత్తమ్మ.

లోపలి అద్దంల నాకు అత్తమ్మ మొఖమే కనబడుతుంది. నేనే గట్ల తిప్పిన. ఆమెకు కారుల కడుపుల తిప్పుతది, కక్కొస్తదేమో చూసుకోవద్దా? పక్కద్దాలు చూసుడు నాకింక అలవాటు గాలే. గందుకని వెనుక రోడ్డు మీద ఏమైతుందో నాకు తెల్వదు.

కొద్దిసేపటికి హారన్లు మొదలైనయి. ఒకటి, రెండు, ఇగ ఆగుతలేవు. "ఏంది అత్తమ్మా, ఇంతగనం కొడుతున్నరు?" అన్న.

ఆమె వెనుకకు తిరిగి అద్దంలకెల్లి చూసింది. "మస్తు బండ్లు వస్తున్నయి బిడ్డా. ఆడమనిషి కారు నడుపుతుందని సంబురపడుతున్నరు" అన్నది. అని ఊకుంటదా? వాళ్లకు చెయ్యి ఊపుడు షురూ చేసింది. హారన్ కొట్టినకొద్ది ఊపుతుంది. జాతరల రథం మీద కూసున్నట్టు!

ఒక కారాయన ఎడమకెల్లి మమ్ముల దాటుకుంట, కిటికి దించి నా దిక్కు చేతులు తిప్పి ఏదో అన్నడు. హారన్ల మోతల నాకు ఇనబడలే.

"ఏమన్నడు అత్తమ్మా?"

"మంచిగ నడుపుతున్నవంటుండు."

అత్తమ్మకు ఒక చెవు జర మందం. గది నాకు ఆ టైముకు యాదికి రాలే.

నడిమిట్ల సరోజన ఫోన్. నేను ఎత్తలే, బండి నడుపుతుంటే ఫోన్ మాట్లాడద్దు గదా. రూల్ అంటే రూలే! అత్తమ్మ ఎత్తింది. "ఆఁ బిడ్డా, వస్తున్నం. ఏం ఫికర్ లేదు. ముంగట ఒక్క బండి లేదు, రోడ్డంత మనదే" అన్నది. నిజమే. ముంగట ఒక్క బండి లేదు. అన్ని వెనుకనే ఉన్నయి.

గప్పుడు ఇనబడ్డది సైరన్. ఎర్ర లైటు, నీలం లైటు నా పక్కద్దంల గిరగిర తిరుగుతున్నయి. ఎవలో పెద్ద లీడర్ వస్తున్నడనుకున్న. అత్తమ్మ గూడ గదే అన్నది. "జర ఇంకింత మెల్లగ పో బిడ్డా. పెద్దమనుషులు వచ్చేటప్పుడు ఉరుకుడు మర్యాద గాదు." నేను ముప్పైకి తెచ్చిన.

మైక్‌ల ఇనబడ్డది. "సిల్వర్ కలర్ కారు, సిల్వర్ కలర్ కారు, ఎడమకు రండి!"

నేను అటిటు చూసిన. సిల్వర్ కారు ఏది? మనదైతే బూడిద రంగు. అమ్మినాయన గదే చెప్పిండు. ఎడమ లేన్ల ఒక తళతళ మెరిసే కారు పోతుండె. "అగో, గాయనకే చెప్తున్నరు. పాపం, ఏం తప్పు చేసిండో" అనుకున్నం ఇద్దరం. గాయనేమో ఎడమ దిక్కే పోతున్నడాయె, ఇంకింత ఎడమకు ఎట్ల పోతడని నాకు తట్టలే.

మైక్ మళ్ల. ఈసారి గొంతుల ఓపిక అయిపోయింది. "వెనుక సీట్ల ముసలవ్వ చెయ్యి ఊపుతున్న కారు! పక్కకు తీసి ఆపు!"

అత్తమ్మ చెయ్యి గాలిల గట్లనే ఆగిపోయింది. "మనమేనా బిడ్డా?" అన్నది.

మనమే.

రఘునాథపల్లి దాటినంక బండి పక్కకు తీసి ఆపిన. నేను పక్కకు జరిగిన్నో లేదో, కట్ట తెగిన చెరువు లెక్క బండ్లు సర్రుసర్రున పోతున్నయి. బస్సులోళ్లు కిటికీలకెల్లి తలకాయలు బయట పెట్టి నన్ను చూసుకుంట పోతున్నరు. ఒక వ్యాన్ల టమాటలు, ఇంకో కారుల ఏడ్చే పసిపిల్ల. ఇంతమందిని నేను ఆపిన్నా!

పోలీసు జీపుల నుంచి ఒక ఎస్సై మేడం దిగింది. చిన్నపిల్లే. "లైసెన్స్ ఉందా అమ్మా?"

ఉన్నది, ఇచ్చిన. ధైర్యం చేసి అన్న, "మేడం, నేను స్పీడ్ పోలే."

"అందుకే ఆపిన."

"మెల్లగ పోతే గూడ తప్పేనా మేడం?"

"మెల్లగ పోవుడు తప్పు గాదమ్మా. కుడి లేన్ల పోవుడు తప్పు. కుడి లేన్ ముంగటి బండిని దాటనీకె. దాటినంక మళ్ల ఎడమకు రావాలె. జనగామ నుంచి మీరు ఎవరిని దాటిండ్రు?"

నేను బాగ ఆలోచించిన. "ఒక ట్రాక్టర్‌ను దాటిన మేడం."

"అది ఆగి ఉండె బిడ్డా" అన్నది కారులకెల్లి అత్తమ్మ.

మేడం మూతి బిగబట్టుకున్నది, నవ్వు ఆపుకుంటున్నదని తెలుస్తనే ఉన్నది. మళ్ల మొఖం మార్చి, "మీ వెనుక అంబులెన్స్ ఉంటే ఎట్లమ్మా?" అన్నది. నిజం చెప్తున్న, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నేను అందరికన్న మంచిగ, పద్ధతిగ నడుపుతున్నననుకున్న గదా!

అత్తమ్మ గది చూసింది. డోర్ తీసుకొని దిగింది. "బిడ్డా, మా కోడల్ని ఏమనకు. అది పొద్దుగాల్నుంచి చాయ్ గూడ తాగలే. తప్పంత నాదే. మంచి తొవ్వ అని నేనే చెప్పిన" అన్నది. అని, ఊరుకోక, "నీకు పెండ్లయిందా బిడ్డా?" అన్నది.

మేడం గా ప్రశ్నను పక్కకు పెట్టి నన్ను అడిగింది. "మీకు డ్రైవింగ్ ఎవరు నేర్పిండ్రమ్మా?"

ఏం చెప్పాలె? మా ఆయన పరువు తియ్యాల్నా? నేను చీర కొంగు సర్దుకుంట నిలబడ్డ. గంతల్నే మళ్ల హారన్ల మోత. చూస్తే ఏముంది, కుడి లేన్ల ఒక జీపు. తాబేలు దానికన్న నయం. దాని వెనుక లారీలు, కార్లు, బస్సు. స్టీరింగ్ పట్టుకొని, కొత్త అంగి ఏసుకొని, మహారాజు లెక్క మా ఆయన!

"అగో" అని అత్తమ్మ చెయ్యి చాపింది. "గాయనే నేర్పిండు."

కానిస్టేబుళ్లు ఇగ ఆపుకోలేదు, పక్కకు తిరిగి నవ్విండ్రు. మేడం మైక్ తీసి నా చేతుల పెట్టింది. "మీరే చెప్పండమ్మా. మీ మాటైతే వింటడు."

"నా మాట యాడ ఇంటడు మేడం!" అన్న గాని, తీసుకున్న. తీసుకున్నంక తెలిసింది అసలు పరేషాన్. పెండ్లయినప్పటి నుంచి నేను మా ఆయనను పేరు పెట్టి పిలువలే. ఇప్పుడు హైవే మీద, మైక్‌ల, పోలీసుల ముంగట ఏమని పిలువాలె? జీపేమో దగ్గరికొస్తుంది. ఏం తోచక, మా కొడుకు పేరు పట్టుకొని, "చింటు డాడీ! చింటు డాడీ! ఎడమకు రా!" అని అరిచిన.

ఎడమ లేన్ల పోతున్న ఇద్దరు మొగోళ్లు బండ్లు స్లో చేసి నా దిక్కు చూసిండ్రు. చింటు లేని ఇల్లు యాడుంది చెప్పుండ్రి! మా ఆయన మాత్రం ముంగటికే చూసుకుంట పోతున్నడు.

అత్తమ్మ నా చేతులకెల్లి మైక్ గుంజుకున్నది. "ఒరేయ్ రాజిగా! పక్కకు రారా!"

గంతే. జీపు దెబ్బకు ఎడమకొచ్చి ఆగింది. లోపలున్న చుట్టాలంత ఒకరి మీద ఒకరు పడ్డరు. మా ఆయన దిగి, చేతులు కట్టుకొని, "ఏందమ్మా?" అన్నడు. పోలీసులను ఆ తర్వాత చూసిండు.

"కుడి లేన్ల గంత మెల్లగ ఎందుకు పోతున్నరు?" అని మేడం అడిగితే ఏమన్నడో తెలుసా? "మా ఇంటామె ముందు పోతుంది మేడం. ఆమెను దాటితే భయపడ్తది. గందుకే మెల్లగ పోతున్న."

అరె, తిట్టాలనుకున్న మనిషిని ఎట్ల తిడుతం చెప్పుండ్రి?

ఇద్దరికి చలాన్లు రాసింది. రాసేది రాసినంక అత్తమ్మ సకినాల డబ్బ తీసింది. "డ్యూటీల తినద్దు అవ్వా" అన్నది మేడం. "బొట్టుకు డ్యూటీ ఏంది?" అని కుంకుమ తీసి ఆమె నుదుటికి పెట్టింది అత్తమ్మ. మేడం టోపీ జరిపి, తల వంచి పెట్టించుకున్నది. "అవ్వా, మంచిగ పోయి రాండ్రి. గాని ఇంక రోడ్డు మీద ఎవ్వలికీ చెయ్యి ఊపకు" అన్నది.

చెల్పూర్ పోయేసరికి పదకొండు ఎప్పుడో దాటింది. సరోజన వాకిట్ల నిలబడి ఉన్నది, మొఖం మాడ్చుకొని. నన్ను చూసి ఏడ్చింది, సంగతి చెప్తే కడుపు పట్టుకొని నవ్వింది. అయ్యగారు పంచాంగం మళ్లోసారి తిరగేసి ఇంకో మంచి గడియ దొరకబట్టిండు. ఆకలైతే గడియలు గూడ జల్ది దొరుకుతయి! ఒడిబియ్యం మంచిగ పోసినం. సరోజన కొత్తింట్ల పీట మీద కూసొని నా చెయ్యి పట్టుకొని, "వదినా, నువ్వు నడుపుకుంట అమ్మను తెచ్చినవు, నాకు గదే చాలు" అన్నది. నాకు మళ్ల కండ్లల్ల నీళ్లు. గా రోజంత నాకు గదే పనైంది.

ఇగ వాపస్ వచ్చేటప్పుడు చూడాలె నన్ను! ఎడమ లేన్ అంటే ఎడమ లేనే. ప్రాణం పోయినా కుడికి జరగలే. హన్మకొండ దాటినంక ముంగట ఒక బస్సు దొరికింది. దాని వెనుకనే పోతే తప్పయ్యే ముచ్చటే లేదనుకున్న. అది ఆగితే నేను ఆగిన. అది కదిలితే నేను కదిలిన. అది ఎడమకు సిగ్నల్ ఏస్తే నేను గూడ ఏసిన. ఒక్కసారి గూడ ఎవ్వలు హారన్ కొట్టలే. మస్తు ఖుషీగ ఉండె. పొద్దుగూకే యాళ్లకు జనగామ వచ్చినం. బస్సు ఎడమకు తిరిగింది, నేను ఎడమకు తిరిగిన. అది ఆగింది, నేను ఆగిన. ఇంజన్ బంద్ చేసింది. ఇదేంది, ఇంతసేపాయె కదుల్తలేదని తల పైకెత్తి చూసిన.

బస్టాండ్ల ఉన్నం! ప్లాట్‌ఫారం ముంగట, బస్సుకు బస్సుకు నడిమిట్ల, మా బూడిద రంగు కారు. జనం చుట్టూ నిలబడి చూస్తున్నరు.

నేను వెనుకకు తీద్దామని గేరు ఎతుకుతున్న. గంతల్నే ఒకామె రెండు సంచులు పట్టుకొని వచ్చి వెనుక డోర్ తీసింది. "బచ్చన్నపేట పోతదా?"

నేను నోరు తెరిచేలోపలనే అత్తమ్మ పక్కకు జరిగింది. "పోతది బిడ్డా, ఎక్కు."

ఎక్కింది. ఏం చేస్తం, తీసుకపోయినం. ఊర్ల దిగి, సంచులు సదురుకొని, పోబోయేటప్పుడు నా దిక్కు వంగి చూసింది. "బస్సుకన్న జర మెల్లగనే వచ్చింది గని, సీటైతే దొరికింది తల్లీ" అన్నది.