దాత తెలియని బిందె మీద మా అవ్వ పేరు

నా చేతిరాత బాగుంటుంది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే శామీర్‌పేటలో నేను చేసిన ఘనకార్యం విన్నాక నా గురించి మీకు మంచిమాట ఇంకేదీ మిగలదు.

మేడ్చల్ బజారులో మాది గిన్నెల దుకాణం. మా దగ్గర కొన్న గిన్నె మీద పేరు ఊరికే కొట్టి ఇస్తాం. పక్కింటికి కూర పంపిన గిన్నె మళ్లీ మన ఇల్లు చేరాలంటే పేరే దిక్కు. పేరు లేని గిన్నె ఊరందరిదీ. పేర్లు కొట్టే చిన్న మిషను, బ్యాటరీతో నడిచేది, ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. కోపానికి మాత్రం సంచి అక్కర్లేదు, దాని చోటు ముక్కు మీద. ఇప్పటికీ అక్కడే ఉంది, ఖాళీ చేయమంటే చేయదు.

ఆరేళ్ల కిందటి మాట. శామీర్‌పేట దాటాక ఒక రిటైరైన డ్రాయింగ్ సారు తన ఇంట్లోనే పాతకాలపు ఆటబొమ్మల మ్యూజియం పెట్టాడు. కొయ్య గుర్రాలు, రేకు మోటార్లు, గుడ్డ బొమ్మలు, ఎవరిస్తే వాళ్లవి తీసుకుంటాడు. మా అవ్వ సత్తెమ్మ దగ్గర ఇత్తడి ఆటసామాన్లు ఉండేవి. పిడికెడంత బిందె, గంగాళం, చెంబు, గంటె. తొమ్మిదేళ్లకే పెళ్లి చేస్తే, అత్తగారింటికి చీరలతో పాటు ఆ మూట కూడా తెచ్చుకుందట. పగలు ఇంటెడు గిన్నెలు తోమి, తీరిక దొరికితే ఆ బుల్లి గిన్నెలతో ఆడుకునేదట. డెబ్బై ఏళ్లు దాచిన ఆ మూటను సారు మనిషి వచ్చి అడిగితే ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు ఒక్కటే అడిగింది.

"నా పేరు ఆడ రాస్తరా బిడ్డా?"

ఆమె పేరు రేషను కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు. పేర్లు కొట్టే దుకాణంలో కూడా గిన్నెలన్నీ తాత పేరు మీదే ఉన్నాయి. ఆ మాట నా మనసులో ముల్లులా దిగింది.

నెల తర్వాత అవ్వను ఆటోలో ఎక్కించుకొని చూపించడానికి తీసుకెళ్లాను. గేటు లోపల బెంచీ మీద కూలబడి అవ్వ అన్నది, "మోకాళ్లు గుంజుతున్నయిరా నర్సిగా. నువ్వు ముందుగాల పోయి ఏడ వెట్టిండ్రో సూసి రా."

మొదటి గదిలోనే కనబడ్డాయి. అద్దాల అలమరలో బిందె, గంగాళం, చెంబు, గంటె. బిందె అంచుకు సొట్ట. ఆ సొట్ట చిన్నప్పుడు నా చేతిలోంచి జారి పడినదే! గిన్నెను చూసి అది ఏ ఇంటిదో చెప్పగల మొనగాణ్ని కదా, రెండోసారి చూడాల్సిన పనేముంది? కింద చీటీ చదివాను.

"ఇత్తడి ఆటసామాన్లు. దాత: తెలియదు."

నా ఒళ్లు మండిపోయింది. మీకూ మండేది, నిజం చెప్పండి. పిల్లగా ఉన్నప్పుడు పెళ్లి చేశారు, ముసలిదయ్యేదాకా పని చేయించారు, చివరికి ఆమె ఆడుకున్న బిందె కింద "తెలియదు" అంటారా? ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, నా కోపం పోయి అలమరలు తుడుస్తున్న మహబూబ్ భాయ్ మీద పడింది. పెద్దమనిషి. నడుముకు తాళాల గుత్తి.

"ఏంది భాయ్ గిది? దాత తెల్వదా? ఇచ్చినామె గేటుకాడ కూసున్నది!"

"నాకేం ఎరుక భాయ్? చీటీలు సార్ రాస్తడు. అంబటాల్ల బువ్వ తింటుండు, పది నిమిషాలు ఆగు."

"ఆగుడా? డెబ్బై ఏండ్లు ఆగింది మా అవ్వ! అలమర తీస్తవా, నన్నే తియ్యమంటవా?"

"అరె, పరేషాన్ గాకు. తీస్త, సూస్కో. అద్దం మాత్రం పగలగొట్టకు, పుణ్యముంటది." తాళం తీసి, నా ముఖం చూసి, జల్దీ జల్దీ సారు కోసం లోపలికి పోయాడు.

సంచిలోంచి మిషను తీశాను. ఇక్కడ నా బుద్ధి గురించి ఒక్క మాట. చీటీ తప్పయితే మామూలు మనిషి చీటీ మార్చమంటాడు. గిన్నెల దుకాణం వాడికి ఆ ఆలోచన రాదు. కాగితాన్ని ఎవడైనా చింపేస్తాడు. ఇత్తడి మీద కొట్టిన పేరును చెరిపే మొనగాడెవడు? గుర్ ర్ ర్ మని బిందె మీద కొట్టాను: "సత్తెమ్మ, మేడ్చల్." గంగాళం మీద కొట్టాను. చెంబు మీద, చోటు చాలకపోయినా, చుట్టూ తిప్పి కొట్టాను. నా జన్మలో అంత ముద్దుగా ఎప్పుడూ రాయలేదు. గంటె మీద "సత్తె" దాకా వచ్చాను.

ఆ చప్పుడుకు గోడ పట్టుకుంటూ అవ్వ లోపలికి వచ్చింది.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"సూడవ్వా! నీ పేరు! ఇగ ఎవడు చెరుపుతడో సూస్త!"

అవ్వ బిందెను కళ్ల దగ్గర పెట్టుకుంది. తిప్పింది. వేలితో అడుగు తడిమింది. మళ్లీ తిప్పింది.

"ఇవి నాయి గావు."

"మంచిగ సూడవ్వా. సొట్ట ఉన్నది కదా, నేను వడగొట్టిన సొట్ట."

"సొట్ట లేని బిందె ఏ ఇంట్ల ఉంటదిరా?"

ముప్పై రకాల బిందెలు అమ్మేవాణ్ని. ఈ మాట నాకు ముందే తట్టాలి. తట్టలేదు.

అప్పుడే సారు వచ్చాడు, కుడిచేతికి పెరుగన్నంతోనే. వెనకాల మహబూబ్ భాయ్. సారు బిందెను చూశాడు, చెంబును చూశాడు, "సత్తె" దగ్గర ఆగిన గంటెను చూశాడు. నేనింకా పట్టుకునే ఉన్న మిషనును చూశాడు.

"సత్తెమ్మ గారివి పక్క గదిలో ఉన్నయి బాబూ," అన్నాడు మెల్లగా. "ఇవి ఎవరో సంచిలో పెట్టి గేటుకు తగిలించి పోయిండ్రు. ఎవరివో తెల్వదు, అందుకే తెలియదని రాసిన."

పక్క గదిలో అవ్వ మూట గుడ్డను కూడా ఉతికి పరిచి, దాని మీద సామాన్లు పేర్చారు. గోడకు మూరెడు బోర్డు. అవ్వకు చదువు రాదు. "ఏం రాసిండ్రురా?" అని అడిగింది. నేనే చదవాల్సి వచ్చింది. "సత్తెమ్మ గారు, మేడ్చల్. తొమ్మిదేళ్ల పెళ్లికూతురుగా పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆటసామాన్లు." అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకొని, అదే చేత్తో నా వీపు మీద ఒక్కటి వేసింది.

మొదటి గదికి ఉరికి వచ్చి, బొటనవేలికి ఉమ్మి రాసి బిందె మీద పేరు రుద్దాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడైనా నయం, వాడికి ఆకులైనా దొరికాయి. నాది లోతైన రాత, మా దుకాణం పేరే దాని మీద నడుస్తుంది.

సారు తిట్టలేదు. అదే నాకు ఈనాటికీ మంట. ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేనూ ఒకటి తిట్టి సమానం చేసుకునేవాణ్ని. "పోనీలే బాబూ, అవ్వ మీద ప్రేమతో చేసినవ్," అన్నాడు. నాకు అవ్వ మీద ప్రేమ ఉన్నది నిజమే. కానీ ఆ బిందెతోనూ ఎవరో ఒక పిల్ల ఆడుకుంది. ఆమె పేరు ఎవరూ రాయలేదు. అవ్వ పేరు లేదని ఊగిపోయిన నేనే, పేరు లేని ఇంకో అవ్వ బిందెను లాక్కొని మా అవ్వ పేరు కొట్టేశాను.

అవ్వ ఆ బిందెను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. "పాపం, ఏ తల్లి బిడ్డనో," అంది. తర్వాత సారు వైపు తిరిగింది.

"సారూ, నా పేరు రెండు కాడ్ల వడ్డది. గీ పిలగాని పేరు ఒక్క కాడన్న వడకపోతే ఎట్ల? రాయిండ్రి."

"ఏం రాయాలమ్మా?"

"ఉన్నదున్నట్టు రాయిండ్రి."

సారు అసలే డ్రాయింగ్ మాస్టరు. అక్షరాలు నాకన్నా గుండ్రంగా రాస్తాడు. ఆ చీటీ ఇప్పటికీ ఉంది: "ఇత్తడి ఆటసామాన్లు. దాత: తెలియదు. వీటి మీది పేరు వీటి యజమానిది కాదు. మేడ్చల్ గిన్నెల దుకాణం నర్సింగ్, వివరం కనుక్కోకుండా, కోపంలో కొట్టినది." మా చుట్టాలు అక్కడికి పోతే అవ్వ బోర్డు ముందు అరనిమిషం నిలబడతారు, నా చీటీ ముందు ఇంటిల్లిపాదీ ఫోటో దిగుతారు.

కాబట్టి, మా దుకాణంలోని అన్నిటికన్నా పెద్ద గంగాళం మీద చెయ్యి వేసి, గిరాకీలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. యజమాని ఎదురుగా కూర్చొని, వస్తువు తనదేనని మూడుసార్లు చెప్పనిదే, చెంచా మీద చుక్క కూడా పెట్టను. ఎక్కడికి పోయినా మిషను ఇంట్లో పెట్టి పోతాను. కోపం కూడా ఇంట్లో పెట్టి పొమ్మంటుంది అవ్వ. ఆ ఒక్కటి మాత్రం ప్రమాణంలో చేర్చలేదు, అబద్ధమాడితే గంగాళం పగులుతుంది.