మా చెల్లె నేర్పిన ఒక్క మాట

పోయిన నెల మా చెల్లె తాండూరులో కన్నుమూసింది. వికారాబాదు మీదుగా వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడే కబురు చెప్పి పోయాడు. నాకు రాయడం పెద్దగా రాదు. అయినా ఆమె గురించి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నిజాం రాజ్యం పోయిన ఏడు ఆమెకు ఒక్కగానొక్క కొడుకు పుట్టాడు. భర్త తర్వాత ఎంతోకాలం బతకలేదు. బండల గనిలో కూలి చేసి పెంచింది. ఆ పిల్లవాడికి మనుషులు అక్కరలేదు. మర్పల్లి నుంచి నేను పల్లీలు తీసుకుపోతే పల్లీలే చూసేవాడు, నా ముఖం చూసేవాడు కాదు. గడప ముందు బండ పెచ్చులు వరసగా పేర్చుకునేవాడు. ఒక్కటి కదిలితే ఏడుపు. "పానం మంచిగున్నది, గంతే చాలన్నా" అనేది చెల్లె.

మీసాలు వచ్చే వయసులో మారాడు. పెచ్చులు వదిలి, పిల్లలు ఆడేచోట పోయి నిలబడేవాడు. ఏం మాట్లాడాలో తెలియదు. చెల్లె ఒక మాట నేర్పింది.

"ఎవ్వలు కనవడ్డా 'తిన్నవా' అని అడుగు కొడుకా. గా మాటకు ఎవ్వలు కోపం చెయ్యరు."

అడిగాడు. ముఖంలో ముఖం పెట్టి, మళ్లీ మళ్లీ.

"తినలేదుర, నీ బువ్వ తే పో!" అన్నారు గని పిల్లలు వేళాకోళానికి.

నిజంగానే తన పళ్లెం తెచ్చాడు. వాళ్లు తిని, పళ్లెం డప్పులా వాయించి నవ్వారు. వాడూ నవ్వాడు. ఇంటికొచ్చి అడిగాడు:

"అమ్మా, నవ్విండ్రు. దోస్తులేనా?"

చెల్లె పొయ్యి ఊదుతూనే "దోస్తులే" అన్నది. ఆ నాటి నుంచి పిడికెడు బియ్యం ఎక్కువ వేసి వండేది.

నన్ను రైలెక్కించడానికి వచ్చి ఒకసారి అన్నది: "చిన్నగున్నప్పుడు వానికి ఎవ్వలు వద్దు. గప్పుడు నేనొక్కదాన్నే ఏడ్సిన. ఇప్పుడు వానికి అందరు కావాలెనే అన్నా, వాడే ఎవ్వలకు వద్దు."

పోయిన నెల నేను తాండూరు చేరినప్పుడు వాడు చాప మీద పడుకోబెట్టిన తల్లి మీదికి వంగి, "అమ్మా, తిన్నవా?" అన్నాడు. ఎవరో కసిరారు. మళ్లీ అడిగాడు. పాడె లేచేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు నా దగ్గరే ఉన్నాడు. మర్పల్లిలో వాణ్ని ఎవరూ వెక్కిరించరు, పలకరించరు కూడా. నేను మాటకారిని కాను. నిన్న మాట కూడదీసుకుని "తిన్నవారా?" అన్నాను.

వాడు చటుక్కున తలెత్తి తలుపు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత సగం అన్నం తిని, మిగిలిన సగంతో పళ్లెం గడప దగ్గర పెట్టాడు.

పొద్దున అది ఎండిపోయి ఉంది. వాడు పక్కనే కూర్చుని ఉన్నాడు, ఇంకొకరు కూర్చునేంత చోటు వదిలి.